పదిమందీ రాసేది ఒకే పేపర్: సాఫ్ట్‌వేర్ టీముల్లో పోటీ ఎంత, సహకారం ఎంత?

ఇంట్లో ఒకరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందంటే ఆ ఇంటికే కాదు, చుట్టాల్లో మరో నలుగురికి ధైర్యం వస్తుంది. చెల్లెలి కాలేజీ ఫీజు, అబ్బా మందులు, ఇంటి లోను... అన్నీ ఆ జీతం మీదే నడుస్తాయి. అందుకే మాధాపూర్‌కో గచ్చిబౌలికో మొదటి రోజు ఆఫీసుకు బయలుదేరే పిల్లలకు పెద్దవాళ్లు ఒక జాగ్రత్త చెప్పి పంపుతారు. "బేటా, నీకు తెలిసిందంతా పక్కవాళ్లకి నేర్పేయకు. రేపు నిన్నెవరు అడుగుతారు?"

ప్రేమతో చెప్పే మాటే ఇది. ఫలానా కంపెనీలో ఇంతమందిని తీసేశారంట అనే వార్తలు తరచూ వినిపిస్తుంటే ఆ భయం ఎవరికైనా ఉంటుంది. పైగా పిల్లలు అప్పటిదాకా పెరిగింది కూడా ర్యాంకుల మధ్యనే. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్‌లో పక్కవాడికి నాలుగు మార్కులు ఎక్కువొస్తే, వచ్చే సీటు చేజారిపోతుంది. అక్కడ పోటీ నిజమే, దాన్ని తప్పుపట్టలేం.

కానీ ఆఫీసులో లెక్క మారిపోతుంది. పరీక్ష హాల్లో పదిమంది కూర్చుంటే పది పేపర్లు. సాఫ్ట్‌వేర్ టీములో పదిమంది కూర్చుంటే పేపర్ ఒక్కటే. ఒకరు రాసిన జవాబు తప్పైతే దాని మీద ఆధారపడ్డ మిగతా జవాబులన్నీ తప్పవుతాయి. అలాగని జీతం, ప్రమోషన్ అందరికీ సమానంగా రావు. పేపర్ ఒకటే, మార్కులు మాత్రం వేరువేరు. టీముల్లో వచ్చే గొడవల్లో చాలా వరకు ఇక్కడే మొదలవుతాయి. ఈ రెండింటినీ ఎలా సర్దుకోవాలనే విషయంలో పెద్ద పెద్ద కంపెనీలే దెబ్బతిన్నాయి, కొన్ని నేర్చుకున్నాయి కూడా.

పని ఎందుకు విడదీయలేం?

బస్సు టికెట్లు బుక్ చేసే ఒక యాప్‌నే తీసుకోండి. ఖాళీ సీట్లు చూపించే భాగం ఒకరు రాస్తారు. డబ్బు కట్టించుకునే భాగం ఇంకొకరిది. టికెట్ వివరాలు మెసేజ్‌గా పంపేది మూడో మనిషి పని. డబ్బు భాగం చూసే ఆయన తన కోడ్‌లో ఒక చిన్న మార్పు చేసి, మిగతా ఇద్దరికీ చెప్పలేదనుకుందాం. ప్రయాణికుడి ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, టికెట్ రాదు. ఆ ప్రయాణికుడికి ఎవరి భాగంలో తప్పు జరిగిందో అక్కర్లేదు. యాప్ పనికిరానిదని తీసేస్తాడు, అంతే.

ఈ సంగతిని చాలా ఏళ్ల కిందటే లెక్కతో సహా చెప్పినవాడు ఫ్రెడ్ బ్రూక్స్. ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ తయారీని నడిపిన ఇంజనీరు ఆయన. ఆ అనుభవంతో 1975లో రాసిన పుస్తకంలో ఆయన తేల్చింది ఏమిటంటే, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలోకి ఇంకా మనుషులను తెచ్చి పెడితే అది మరింత ఆలస్యమవుతుంది. గోడ కట్టే పనిలో ఇద్దరు కూలీలను ఎక్కువ పెడితే పని తొందరగా తెమలొచ్చు. కోడ్ విషయంలో అలా కాదు. కొత్తవాళ్లకు ఉన్నవాళ్లు పని నేర్పాలి, అందరూ అందరితో మాట్లాడుకోవాలి. ఐదుగురున్న టీములో ఇద్దరిద్దరి మధ్య మాటలకు 10 దారులుంటాయి. పదిమంది అయితే అవి 45. ఇరవైమంది అయితే 190. మనుషులు రెట్టింపైతే దారులు నాలుగు రెట్లకు పైగా పెరుగుతాయి.

ఆ దారుల్లో ఎవరైనా ఒకరు తలుపు వేసుకుని కూర్చుంటే ఏమవుతుంది? ఒక భాగం ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయన లీవు పెడితే పని ఆగుతుంది. దీనివల్ల ఆయనకు గిరాకీ పెరుగుతుందని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. నిజానికి జరిగేది వేరు. పండుగ రోజు దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నా ఫోన్ మోగుతుంది. చెల్లెలి నికాహ్‌లో కూడా లాప్‌టాప్ పక్కనే ఉండాలి. కొత్త ప్రాజెక్టు వస్తే "ఈయన్ని ఇక్కడి నుంచి కదపలేం" అని ఆ అవకాశం ఇంకొకరికి ఇస్తారు. దాచుకున్న పనే కాలికి గొలుసై కూర్చుంటుంది.

ర్యాంకులు పెట్టిన కంపెనీకి ఏమైంది?

మనుషులను వరుసలో నిలబెట్టి మార్కులు వేసే పద్ధతి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అధిపతి జాక్ వెల్చ్ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. ఉద్యోగుల్లో పైన 20 శాతం, మధ్యలో 70 శాతం, కింద 10 శాతం అని విడగొట్టడం, కింద ఉన్నవాళ్లను ఇంటికి పంపడం ఆ పద్ధతి. గంట ఆకారంలో గీసే గీతను బట్టి దీన్ని బెల్ కర్వ్ అంటారు. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో అప్రైజల్ నెల వచ్చిందంటే ఈ మాట వినిపించని క్యాంటీన్ ఉండదు.

మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటి పద్ధతినే ఏళ్ల తరబడి నడిపింది. 2012లో అమెరికా పత్రిక వానిటీ ఫెయిర్ ఆ కంపెనీ ఉద్యోగులతో మాట్లాడి ఒక పెద్ద కథనం వేసింది. అందులో బయటపడిన విషయం ఇది. పదిమంది టీములో అందరూ బ్రహ్మాండంగా పనిచేసినా ఇద్దరికే గొప్ప మార్కులు రావాలి, ఏడుగురు మామూలు, ఒకరు మాత్రం తప్పనిసరిగా అడుగున ఉండాలి. మొదటి రోజే ఈ లెక్క అందరికీ తెలుసు.

అప్పుడు తెలివైనవాళ్లు ఏం చేస్తారు? మంచి ఇంజనీర్లు ఇంకో మంచి ఇంజనీరు ఉన్న టీములోకి వెళ్లడానికి వెనకాడారు. ఎందుకంటే అక్కడికెళ్తే ర్యాంకు పడిపోతుంది. పక్కవాడికి కావలసిన సమాచారంలో కొంత ఇచ్చి కొంత ఆపుకునేవాళ్లూ తయారయ్యారు. బయట ఆపిల్, గూగుల్ దూసుకుపోతుంటే లోపల పోటీ పక్క సీటుతో నడిచింది.

2013 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని ఎత్తేసింది. మరో మూడు నెలలకు, 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. ఆ తర్వాత ఆ కంపెనీలో ఒక ఉద్యోగి పనిని తూచేటప్పుడు మూడు సంగతులు చూడటం మొదలుపెట్టారు. నువ్వు స్వయంగా ఏం సాధించావు? ఇంకొకరి విజయానికి నువ్వు ఏం సాయం చేశావు? ఇంకొకరు చేసిన పనిని వాడుకుని నువ్వు ఏం కట్టావు?

ఈ మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అసలు కిటుకు అందులోనే ఉంది. పక్క టీము రాసిన కోడ్‌ను వాడుకుంటే తన గొప్పతనం తగ్గిపోతుందని చాలామంది అదే పనిని మళ్లీ మొదటి నుంచి రాస్తారు. నెలల కష్టం వృథా. వాడుకోవడానికి కూడా మార్కులుంటే ఆ అహం కొంత తగ్గుతుంది.

ఒక ఓవర్ కథ

నాదెళ్ల పుట్టింది హైదరాబాద్‌లోనే. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివేటప్పుడు స్కూలు జట్టుకు క్రికెట్ ఆడారు. 2017లో వచ్చిన తన పుస్తకంలో అప్పటి ఒక మ్యాచ్ గురించి చెప్పారు. ఆ రోజు ఆయన బౌలింగ్ ఏమాత్రం కుదరలేదు. కెప్టెన్ బంతి తీసుకుని తనే బౌలింగ్‌కు దిగి వికెట్ తీశాడు. ఇంకొకరైతే అలాగే కొనసాగించేవారు. ఈ కెప్టెన్ మాత్రం బంతి మళ్లీ నాదెళ్లకే ఇచ్చాడు. అప్పుడు ఆయన కూడా వికెట్లు తీశారు. సీజన్ అంతా ఆ బౌలర్ అవసరం జట్టుకు ఉంది కాబట్టి, అతని నమ్మకం దెబ్బతినకూడదని కెప్టెన్ అలా చేశాడట.

క్రికెట్‌లో పోటీ లేదని ఎవరూ అనరు. జట్టులో చోటు కోసం కూడా పోటీ ఉంటుంది. కానీ మ్యాచ్ మొదలయ్యాక పోటీ ఎదుటి జట్టుతో. ఈ తేడా తెలిసిన కెప్టెన్ ఉంటేనే జట్టు నిలబడుతుంది. ఆఫీసులో ఆ కెప్టెన్ టీమ్ లీడ్.

అయితే పోటీ పనికిరాదా?

అలా అనుకుంటే అదీ పొరపాటే. పోటీ మంచి ఫలితమిచ్చిన ఉదాహరణలూ ఉన్నాయి. 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక బహిరంగ పోటీ పెట్టింది. ఏ సినిమా ఎవరికి నచ్చుతుందో ఊహించే తమ ప్రోగ్రామ్ కంటే 10 శాతం మెరుగ్గా ఊహించినవాళ్లకు 10 లక్షల డాలర్ల బహుమతి. 10 కోట్లకు పైగా సినిమా రేటింగుల సమాచారాన్ని పోటీదారుల చేతికి ఇచ్చింది.

ఆ పోటీలో ఒక తెలివైన నియమం ఉంది. పెద్ద బహుమతి ఎవరికీ దక్కనంత కాలం, ముందున్న టీముకు ఏటా 50 వేల డాలర్లు ఇస్తారు. కానీ ఆ డబ్బు కావాలంటే తమ పద్ధతిని అందరికీ అర్థమయ్యేలా రాసి బయటపెట్టాలి. అంటే గెలిచినవాడి తెలివి మర్నాటి నుంచి అందరి తెలివి అవుతుంది.

దగ్గరికి వచ్చేకొద్దీ ఎవరూ ఒంటరిగా ఆ 10 శాతం గీత దాటలేకపోయారు. చివరికి మూడు టీములు కలిసి ఒక్కటయ్యాయి. అమెరికా, ఆస్ట్రియా, కెనడా తదితర దేశాల్లో ఉన్న మనుషులు వాళ్లు. వాళ్లను ఓడించడానికి మిగతా టీముల్లో కొన్ని చేతులు కలిపి ఇంకో పెద్ద జట్టు కట్టాయి. 2009 జూలైలో గడువు ముగిసేసరికి రెండు జట్ల ఫలితం సమానం. మొదటి జట్టు దాదాపు 20 నిమిషాలు ముందు పంపింది కాబట్టి బహుమతి వాళ్లకే దక్కింది.

పోటీ లేకపోతే అంతమంది మూడేళ్లు కష్టపడేవాళ్లు కాదు. కలవకపోతే ఎవరూ గెలిచేవాళ్లు కాదు. ఈ కథకు ఇంకో ముక్క కూడా ఉంది. గెలిచిన ఆ చివరి ప్రోగ్రామ్‌ను నెట్‌ఫ్లిక్స్ పూర్తిగా వాడుకోలేదు. దాన్ని అసలు వెబ్‌సైట్‌లోకి ఎక్కించడానికి పట్టే శ్రమకు తగ్గ లాభం కనిపించలేదని 2012లో ఆ కంపెనీ ఇంజనీర్లే రాశారు. పోటీ ఒక అంకెను పెంచగలదు. ఆ అంకెను రోజూ నడిచే వస్తువుగా మార్చడం మాత్రం పక్కపక్కన కూర్చుని చేసే పనే.

బద్ధ శత్రువుల ఉమ్మడి ఇల్లు

1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు మొదలుపెట్టిన లైనక్స్ ఇప్పుడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ లోపలా ఉంది. ప్రపంచంలోని 500 అతివేగ సూపర్ కంప్యూటర్ల జాబితా మొత్తం 2017 నుంచి దాని మీదే నడుస్తోంది. దానికి కోడ్ రాసేవాళ్లు ఎవరు? ఇంటెల్, ఏఎండీ, గూగుల్, రెడ్ హ్యాట్, హువావే లాంటి కంపెనీల ఉద్యోగులు. బజారులో ఒకరి గిరాకీ ఒకరు లాక్కునే కంపెనీలే, ఇక్కడ ఒకే కోడ్ రాస్తున్నాయి. 2001లో లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చింది మైక్రోసాఫ్ట్ అప్పటి సీఈఓ స్టీవ్ బామర్. అదే మైక్రోసాఫ్ట్ 2016లో లైనక్స్ ఫౌండేషన్‌లో సభ్యురాలిగా చేరింది.

ఇది మంచితనం వల్ల సాగుతున్న పని కాదు. అక్కడ పద్ధతి అలా ఉంది. ఎవరు పంపిన కోడ్‌నైనా మిగతావాళ్లు అందరి ముందే పరీక్షిస్తారు. బాగోలేదంటే ఎందుకు బాగోలేదో చెప్పాలి. ఇక్కడ పోటీ పడేది ఆలోచనలు. ఇంకా ముఖ్యమైనది, మార్పు చేసినవాడి పేరుతో పాటు దాన్ని చూసి దిద్దినవాడు, పరీక్షించినవాడు, మొదట తప్పును కనిపెట్టి చెప్పినవాడు, అందరి పేర్లూ ఆ మార్పు పక్కనే శాశ్వతంగా రాసి ఉంచుతారు. సాయం చేసినవాడి పేరు కనిపిస్తే సాయం దానంతటదే పెరుగుతుంది. కనిపించకపోతే ఎంత మంచివాడైనా నాలుగో ఏటికి విసిగిపోతాడు.

తప్పు చెప్పుకునే ధైర్యం

పోటీ హద్దు దాటితే మొదట మూతపడేది నోరు. తప్పు చేసినవాడు చెప్పడు, అర్థం కానివాడు అడగడు. గూగుల్ 2012లో మొదలుపెట్టిన ఒక పరిశీలనలో తమ దగ్గరున్న 180 టీములను చూసింది. ఏ టీములు బాగా పనిచేస్తున్నాయి, ఎందుకు అని. ఎంత తెలివైనవాళ్లు ఉన్నారన్నదానికంటే, తెలియదని అడిగితే నవ్వుతారేమో అనే భయం లేకపోవడమే పెద్ద కారణమని తేలింది.

ఆ భయం లేకపోతే ఏమవుతుందో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీలో కనిపించింది. రాత్రిపూట అలసటలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్‌లు చూస్తే ఒక్కటీ సరిగా పనిచేయలేదు. చివరికి దాదాపు ఆరు గంటల సమాచారం పోయింది. ఆ కంపెనీ ఆ ఇంజనీరును ఉద్యోగం నుంచి తీసేయలేదు. ఏం జరిగిందో గంట గంటకూ వినియోగదారులకు చెప్పింది. తర్వాత తప్పు ఎలా సాధ్యమైందో వివరంగా రాసింది. ఒక మనిషిని తిట్టి వదిలేస్తే, పనిచేయని ఆ బ్యాకప్‌లు అలాగే ఉండిపోయేవి.

సహకారం పేరుతో జరిగే అన్యాయం

ఇంకో వైపు కూడా చూడాలి. "మనమంతా ఒక కుటుంబం" అని చెప్పే టీముల్లో ఒకరిద్దరే అందరి పనీ మోస్తుంటారు. కొత్తవాళ్లకు నేర్పడం, మీటింగుల్లో ఏం తేల్చారో రాసిపెట్టడం, రెండు టీముల మధ్య గొడవ తీర్చడం... ఇవన్నీ చేసేవాళ్లకు ఇంటికెళ్లే సరికి తొమ్మిదవుతుంది. అప్రైజల్‌లో మాత్రం "మీరు కోడ్ తక్కువ రాశారు" అంటారు. ఆడపిల్లల మీద ఈ భారం ఎక్కువ పడుతుంటుంది. అడిగితే కాదనరని పని వాళ్ల వైపే నెట్టేస్తారు.

ఎవరు ఎంత చేశారో చూడకుండా అందరికీ ఒకే మార్కు వేస్తే కష్టపడేవాళ్లు బయటికి వెళ్లిపోతారు. అందరూ తలలూపే టీములో తప్పుడు నిర్ణయాన్ని కాదనేవాడూ ఉండడు. కాబట్టి కొలత ఉండాల్సిందే. ఆ కొలత ఇచ్చిన పని మీద ఉండాలి, పక్కవాడి కంటే ఎన్ని అంగుళాలు పైన ఉన్నావన్నదాని మీద కాదు.

ఉద్యోగి చేయగలిగిందేమిటి?

కంపెనీ నియమాలు మార్చడం కొత్తగా చేరిన ఇంజనీరు చేతిలో ఉండదు. తన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, నేర్పడం మానొద్దు, కానీ నేర్పింది రాసిపెట్టాలి. ఒకే సందేహం నలుగురు అడిగితే ఒక పేజీ రాసి టీముకు ఇస్తే టైమూ మిగులుతుంది, పేరూ ఉంటుంది.

రెండోది, చేసిన సాయాన్ని వారానికోసారి ఒక చోట నోట్ చేసుకోవాలి. ఎవరి కోడ్ చూశారు, ఏ తప్పు ముందే పట్టుకున్నారు, ఎవరికి పని నేర్పారు. అప్రైజల్ రోజు గుర్తుకు తెచ్చుకుంటే సగం కూడా గుర్తుండవు. ఇది డబ్బా కొట్టుకోవడం కాదు, లెక్క చూపించడం.

మూడోది, ఇంకొకరి సాయం తీసుకున్నప్పుడు నలుగురిలో ఆ పేరు చెప్పాలి. పేరు చెప్పినవాడికి తర్వాత సాయం దొరుకుతుంది. పేరు మింగేసినవాడికి రెండోసారి దొరకదు.

నాలుగోది, కోడ్‌లో తప్పు చూపించేటప్పుడు మాట కోడ్ గురించే ఉండాలి. "ఇక్కడ రెండుసార్లు డబ్బు కట్ అయ్యే ప్రమాదం ఉంది" అనడం వేరు, "ఇంత చిన్న విషయం కూడా తెలీదా" అనడం వేరు. మొదటి మాటతో తప్పు దిద్దుకుంటారు. రెండో మాటతో మనిషి దూరమవుతాడు, తప్పు అక్కడే ఉంటుంది.

ఐదోది, సాయానికి హద్దు ఉండాలి. "ఇప్పుడు ఒక పనిలో ఉన్నాను, నాలుగింటికి కూర్చుందాం" అని చెప్పడం అమర్యాద కాదు.

టీమ్ లీడ్‌గా ఉన్నవాళ్ల బాధ్యత ఇంకా పెద్దది. ఒక్కరికే తెలిసిన భాగం ఏదైనా ఉంటే రెండో మనిషిని అక్కడ కూర్చోబెట్టాలి. మార్కులు దేనికి వేస్తారో ఏడాది మొదట్లోనే చెప్పాలి. తన తప్పును తనే అందరి ముందు ఒప్పుకుంటే కింద ఉన్నవాళ్లకూ ధైర్యం వస్తుంది.

ఇదంతా చేస్తే ఉద్యోగం పోదా అని ఎవరైనా అడిగితే, గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. ర్యాంకులు ఎత్తేసిన మైక్రోసాఫ్టే 2023 జనవరిలో 10 వేల మందిని తీసేస్తున్నట్లు ప్రకటించింది. అలాంటి కోతల్లో కోడ్ దాచుకున్నవాళ్లూ పోతారు, పంచినవాళ్లూ పోతారు. కాకపోతే ఆ మర్నాడు తేడా తెలుస్తుంది. ఇంకో కంపెనీలో ఖాళీ ఉందని తెలియగానే "ఈమెతో పనిచేశాను, తీసుకోండి" అని రెఫరల్ ఇచ్చేది ఎవరు? ఒకప్పుడు పక్క సీట్లో కూర్చుని ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లే.

కాబట్టి రేపు ఆఫీసుకు బయలుదేరే పిల్లలకు ఇంట్లో చెప్పే మాట కొద్దిగా మార్చుకోవచ్చు. సాయంత్రం ఇంటికొచ్చాక "మీ టీములో నీది ఎన్నో నంబరు" అని కాకుండా, "ఇవాళ ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నావు, ఎవరికి ఏం నేర్పావు" అని అడిగి చూడండి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేని రోజులు ఎక్కువైతే, అప్పుడు ఆ ఉద్యోగం గురించి నిజంగా కంగారు పడొచ్చు.